నెలవంక పాఠం

సికింద్రాబాదులో సైన్సునూ వేదాంతాన్నీ మతాన్నీ ఒకే డాబా ఎక్కించి జనానికి పాఠం చెప్పినవాణ్ని నేనేనని సన్మానసభల్లో చెప్పుకుంటాను. శాలువా కప్పుతుంటే నోరు ఆగదు మరి. నిజానికి ఎక్కించింది మా ఫిజిక్సు సారు. నేను ఆయన దుర్భిణి మోసేవాణ్ని. అదీ మెట్ల దగ్గర్నుంచే. అందాకా జట్కా మోసేది.

సారు తెలుగు మాట్లాడే ముసల్మాను. కాలేజీలో ఉర్దూలో చెప్పిన పాఠాన్నే, నెలవంక కనబడాల్సిన సాయంత్రాల్లో రాంగోపాల్‌పేటలో తన ఇంటి డాబా మీద తెలుగులో చెప్పేవాడు. బట్టల కొట్లవాళ్లు, దర్జీలు, బడిపంతుళ్లు వచ్చేవాళ్లు.

"చంద్రుడు యాడుంటడో లెక్క చెప్తది. ఉన్నడని మాత్రం కన్ను చెప్పాలె. చూసినోడే సాక్షి" అనేవాడు. నేను మెట్టుగూడ క్రైస్తవుణ్ని. నా వంతు రాగానే నవ్వేవాడు. "బేటా, నీ సాక్ష్యం పండుగకు చెల్లదు. సైన్సుకు చెల్తది, చూడు."

పోలీస్ యాక్షన్ అయిన కొన్ని వారాలకు బక్రీదు నెలవంక వచ్చింది. అప్పటికే నాలో ఏదో మొద్దుబారింది. ఎవరు పోయారో, ఎవరి దుకాణం కాలిందో చెబుతుంటే తలూపేవాణ్ని. అన్నంలో ఉప్పు లేకపోయినా తెలిసేది కాదు.

"ఇయ్యాల జనమొస్తే ఉంటా" అన్నాడు సారు. "రాకుంటే నౌకరీ ఇడిచి బొంబాయిల తమ్ముని దగ్గరికి పోతా."

ఇద్దరమే నిలబడ్డాం. మెట్ల మీద చప్పుడు లేదు. పొద్దు గుంకింది. లెక్క చెప్పిన చోటే సన్నని గీత. ఆ సాయంత్రం రాంగోపాల్‌పేటంతా మారుమోగేలా పాఠం చెప్పానని ఒకచోట రాశాను కూడా. ఏం మారుమోగలేదు. "కనబడ్డది!" అని అరిచాను. గొంతు కీచుమంది.

కింద తలుపు సందులోంచి ఎవరో అడిగారు, "మాస్టర్ సాబ్ సుత చూసిండా?"

"చూసిన" అన్నాడు సారు.

తలుపు మూసుకుంది.

"జనం ఉన్నరు సార్, ఇంటున్నరు" అన్నాను.

"అది నీ లెక్క. నాకు ఒక్కడు కనబడలే."

"భయంల ఉన్నరు. ఎట్లొస్తరు?"

"నాకు తెల్వదా? వాళ్ల తప్పు కాదు బేటా. నాకే ఇంక నిలబడ చాతనైతలేదు."

ఆ వారమే రాజీనామా ఇచ్చాడు. దుర్భిణి నాకిచ్చాడు. స్టేషన్లో ఆయన్ని పట్టుకుని భోరున ఏడ్చానని మనవలకు చెప్పాను. ఏడవలేదు. పెట్టె అందించి, రైలు కదలకముందే వచ్చేశాను.

మరుసటి నెల డాబాకు తాళం. దుర్భిణిని మెట్టుగూడలో మా వాకిట్లో నిలబెట్టాను.

"ఏందీ, మా ఇంట్లకు చూస్తున్నవా?" అని ఎదురింటామె నా మీదికి లేచింది.

"నువ్వే వచ్చి చూడు అక్కా."

వచ్చింది. ఒంటి కన్నుతో చాలాసేపు చూసింది. చూసినోడే సాక్షి అన్న సారు మాట చెబుదామనుకున్నాను. చంద్రుడు ఎంత దూరమో మాత్రం చెప్పాను.