నానిన అనుముల తూకం

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, మార్గశిరంలో, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల గర్భిణుల ఆహార పరిశీలనకు పోషకాహార అధికారిణిగా నన్ను నియమించారు. ఒక్కొక్కరు గడచిన ఇరవై నాలుగు గంటల్లో తిన్నదంతా అడగాలి. వారి ఇంటి గిన్నెతోనే కొలిచి, తూచి, పోషక విలువల పట్టికతో లెక్కగట్టాలి. మాంసకృత్తులు తక్కువైనవారి పేర్లు అదనపు ఆహారపు జాబితాలో చేరతాయి. మిగిలినవారికి గుడ్లు, పాలు మామూలు కోటాయే.

చేవెళ్ల దగ్గరి ఒక పల్లెలో యాదమ్మకు ఏడో నెల. టమాట తోటల్లో కూలికి వెళ్లేది. రెండు పూటలా అన్నంలోకి టమాట, బీరకాయ, పాలకూర. పొద్దున మాత్రం అనుముల గుడాలు, అంటే నానబోసి, ఉడకబెట్టి తాలింపు వేసిన చిక్కుడు జాతి గింజలు. కూరగాయల్లో విటమిన్లు, లవణాలు ఉంటాయి గాని తూకంలో అధికభాగం నీరే. ఎండు అనుముల తూకంలో ఐదో వంతుకు పైగా మాంసకృత్తులు. కనుక ఆమె లెక్కంతా ఆ గిన్నెడు గుడాల మీదే నిలిచింది. వాటిని తూచి, పట్టికలోని అనుముల విలువతో గుణించాను. సరిపడా వచ్చింది. యాదమ్మ పేరు లేకుండానే జాబితాపై సంతకం చేసి మొయినాబాద్‌లోని పై అధికారికి పంపాను.

మర్నాడు అంగన్‌వాడీలో జాబితా నకలు చదివి వినిపిస్తే, గుడాలకు తాలింపు వేస్తున్న ఆయా మార్తమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగింది.

“మేడం, యాదమ్మ పేరెందుకు రాలే?”

గుడాలతో సరిపోయిందని చెప్పాను.

“ఏ అనుములు తూచిన్రు? ఎండువా, ఉడికినవా?”

పట్టిక తెరిచాను. అందులోని విలువ ఎండు గింజలది.

“కిలో నానబోస్తె రెండు కిలోలు దాటుతయి మేడం. నీళ్లకు గూడ బలం రాస్తిరా ఏంది?”

గిన్నెతో గుమ్మంలో నిలబడిన యాదమ్మ నవ్వింది. “గట్లయితే నన్ను గూడ నానబెట్టు అవ్వా, రెండింతల బలమైత.”

“నువ్వు నానింది చాలు గని, గా గిన్నె ఇటు తే” అంది మార్తమ్మ.

నాకు నవ్వు రాలేదు. తూచినది పచ్చిదా, ఉడికినదా అని ముందుగా రాసుకోవాలని కొత్త ఉద్యోగులకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చిన మనిషిని నేనే.

ఆ మధ్యాహ్నమే మొయినాబాద్ వెళ్లాను. ఒక్క పేరు కోసం జాబితాను కదిలించడమెందుకు, వచ్చే విడతలో చేర్చవచ్చునని పై అధికారి అన్నారు. వచ్చే విడతకు ఆమె కాన్పు అయిపోతుందని, గుడాలు తిన్న ప్రతి ఇంటి లెక్కా తప్పేనని చెప్పి కాగితాలు వెనక్కి అడిగాను. సంతకం చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం నా సర్వీసులో ఆ ఒక్కసారే. అక్కడే కూర్చుని ఉడికిన తూకాలన్నింటినీ ఎండు తూకంలోకి మార్చాను. యాదమ్మతో పాటు మరికొందరి పేర్లు జాబితాలోకి వచ్చాయి. కారణం రాయవలసిన గడిలో “నా పొరపాటు” అని రాశాను.

ఇప్పుడు నగరంలో ఉంటున్నాను. చలికాలం రాగానే అనుములు తెప్పించి, నానబోసే ముందు ఒకసారి, ఉడికాక ఒకసారి తూస్తాను. ఏవి తూచావని అడిగేవారు లేరు. మార్తమ్మ తన గుడాల్లో వేసినంతే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ వేసినా ఆ రుచి రాదు. కిందటేడు అటు వెళితే, అనుముల తీగలు పారిన చేలలో ప్లాట్ల హద్దురాళ్లు కనిపించాయి. మార్తమ్మ పని మానేసి షాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నదన్నారు. ఇల్లు ఎక్కడో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పొయ్యి పొగలో, కాంటా ముందు, మరొక్క ఉదయం కూర్చోవాలని ఉంటుంది.

కూరగాయలను, గింజలను పోల్చే ముందు దేనిలో ఎంత నీరున్నదో అడగాలి. ఆ నియమం నాకు కళాశాల నేర్పింది. నేను అడగని రోజున మార్తమ్మ అడిగింది. ఆహారపు లెక్కను వండినవారికి చూపించిన తరువాతే దానిపై సంతకం చేయాలి.