రెండు కాళ్లకు రెండు కాగితాలు

మా మేనమామ పోయిన వారం బద్వేలులో కన్నుమూశాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. కబురు వినగానే, ఆయన మెడలో ఎప్పుడూ వేలాడే కొలతల టేపును ఎవరు తీసి ఉంటారా అనిపించింది.

బజారులో ఆయనది చిన్న టైలరు అంగడి. నోరు మాత్రం కత్తెర కంటే పదును. నిక్కరు కొలతలకు వచ్చినవాళ్లు పొట్ట బిగబట్టి నిలబడేవారు. "ఊపిరి ఇడ్సప్పా! నేను కుట్టేది నీ పొట్టకు, నీ గొప్పకు కాదు" అనేవాడు. వాళ్లు ఊపిరి వదిలేదాకా నడుముకు టేపు చుట్టేవాడు కాదు.

నా ఎడమ కాలు చిన్నప్పటి నుంచీ సన్నం, కొంచెం పొట్టి. నలభై దాటినా ఇంట్లోవాళ్లు తప్ప దాన్ని ఎవరూ చూడలేదు. మండే ఎండల్లో కూడా ప్యాంటులోనే ఉడికేవాణ్ని. ఒకసారి రెడీమేడ్ నిక్కరు తెచ్చి, తలుపేసుకుని తొడిగి చూస్తే ఎడమ పక్క గుడ్డ జెండాలా ఊగింది. మళ్లీ దాని జోలికి పోలేదు.

పోయిన వేసవిలో మామ పట్టుకున్నాడు. "ఏం రా అల్లుడూ, ఈ ఎండకు ప్యాంటేంది? ఈడ కూచో" అని పీట మీద కూర్చోబెట్టాడు. నడుము నుంచి పీటదాకా ఒక్కో పక్కా విడిగా కొలిచాడు. తర్వాత తొడలు.

"ఎడమది ఇంచీన్నర సన్నంగుండాది" అని పైకే అంటూ సుద్దతో బల్ల మీద రాసుకున్నాడు. అంగట్లో ఇంకా మనుషులున్నారు. ఎవరైనా ఆ మాట అంటారేమోనని జన్మంతా భయపడ్డాను. ఆయన జేబు లోతు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నిక్కరుకు ఎవరైనా ఒక కాలి కొలతలే కాగితం మీద గీసి, గుడ్డ మడతపెట్టి రెండు కాళ్లూ ఒకేసారి కోస్తారు. మామ ఆ రోజు గుడ్డ మడవలేదు. కుడికాలికి ఒక కాగితం, ఎడమకాలికి వేరే కాగితం గీశాడు.

"గుడ్డ శానా పడ్తాది మామా."

"పడనీలేరా. కాలు పోయి గుడ్డకు సర్దుకోవాల్నా?"

తొడుక్కుంటే రెండు అంచులూ సమంగా నిలిచాయి. నా కళ్లు తడయ్యాయి. "ఏడ్సేది తర్వాత, ముందు జిప్పు ఏసుకో" అన్నాడు.

అయినా దాంతో వీధిలోకి రాలేకపోయాను. మామ అడిగినప్పుడల్లా రేపంటూ దాటేశాను.

దహనం అయ్యాక మగవాళ్లందరం బోరు దగ్గర స్నానాలు చేశాం. పాడె మోసేటప్పుడు కట్టుకున్న పంచె విప్పాను. లోపల ఆ నిక్కరే ఉంది. ఎవరి చూపు ఎక్కడ పడిందో నేను చూడలేదు. మామ కొడుకు, మా బావ, తువ్వాలు అందిస్తే ముఖం మాత్రం తుడుచుకుని, రెండు కాళ్ల మీదా నీళ్లు ఎండకు ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.