పాలవంకలో పాలు లేవు

కర్నూలు నుంచి మైదుకూరు వైపు నేను వెళ్లింది గుళ్లూ గోపురాలూ చూడడానికి కాదు, వంక అని పిలిచే ఒక చిన్న వాగు ఎందుకు తెల్లబడిందో తేల్చుకోవడానికి. మా బడిలో నాతోపాటు పాఠాలు చెప్పే మేరీ ఒక సాయంత్రం ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. వాళ్ల నాన్న దానియేలుకు ఊరి వంక పక్కన రెండెకరాల చేను ఉంది. ఎగువన నాపరాళ్లు పాలిష్ పట్టే షెడ్లు వచ్చాక వంక నీళ్లు తెల్లగా మారాయి, అవి పారిన మడుల్లో సుద్ద గడ్డకట్టి విత్తనం మొలవడం మానేసింది. ఊరివాళ్లు అర్జీ పెడితే కాలుష్యం సంగతి చూసే ఆఫీసరు రెండుసార్లు వచ్చి, ఇక్కడి నేలే సుద్ద అని చెప్పి వెళ్లాడట. శుక్రవారం చివరిసారి వస్తున్నాడు. ఈసారీ అదే రాస్తే చేను షెడ్లవాళ్లకే అమ్మేస్తానని, పాలిష్‌లో రాలే రాతిపిండి పారబోసుకోవడానికైనా పనికొస్తుందని దానియేలు అనేశాడు. "ఇంకేం చేయలేం" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వెంటనే ఆ శుక్రవారానికి సెలవు పెట్టాను.

నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప వెళ్లే బస్సు ఎక్కితే చాలు, మైదుకూరులో దిగొచ్చు. తెల్లవారుజామున బయలుదేరితే పదింటికల్లా చేరతారు. ఎడమవైపు కిటికీ పట్టుకోండి, నల్లమల కొండలు చాలాదూరం తోడొస్తాయి. బస్టాండు ఎదురుగా ఎర్రకారం దోసె తిన్నాను. "కారం తగ్గించేదా మేడం?" అని దోసెలు పోసే ఆమె అడిగితే రోషానికి పోయి వద్దన్నాను. తర్వాత ముప్పావు గంట ఆటో ప్రయాణం ముక్కు తుడుచుకోవడంతోనే సరిపోయింది. ఆ ఊరికి బస్సు లేదు కాబట్టి రానూపోనూ ఆటో మాట్లాడుకోవాలి, అయిదొందలకు వస్తారు.

"యాడికి మేడం?" అన్నాడు ఆటో నడిపే ఖాజా.

"పాలవంక వంతెన దగ్గరికి."

"ఓ, ఆ తెల్లనీళ్ల కాడికా! పేరుకు తగినట్టే ఉండాదిలే మేడం."

వంతెన దగ్గర బోర్డు మీదా పాలవంక అనే ఉంది. కింద నీళ్లు నిజంగానే పాలలాగా పారుతున్నాయి. నిజం చెప్పొద్దూ, అది చూసి నాకూ అనుమానం వచ్చింది. వంక మొదటినుంచీ ఇంతేనేమో!

ఆఫీసరు అప్పటికే వచ్చి ఉన్నాడు, పక్కన దానియేలు. కోస్తా వైపు కుర్రాడు, మర్యాదస్తుడే. "పేరులోనే ఉంది కదండీ, పాలవంక అని. ఎప్పుడూ తెల్లగా ఉండబట్టే ఆ పేరు వచ్చిందండీ," అన్నాడు.

దానియేలు తలపాగా విప్పి దులిపాడు. "పాలవంక గాదు సార్, పాలివంక."

"అదేనండీ, పాలు."

"తాగే పాలు గాదు సార్, పంచుకునే పాలు! ఈ నీళ్లు ఆరు పాళ్లు. అయిదు రైతులవి, ఒగటి మా చర్చి తోటది. బోర్డు రాసినోడు 'లి'కి గుడి ఎగరగొట్టినాడు."

నేను నోరు తెరిచాను. "ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదేం పెదనాయనా?"

"ఊర్లో అందరికీ తెలిసిందే గదమ్మా. ఎవురడిగినారు? సార్ వచ్చె, సీసాలో నీళ్లు పట్టుకొని పాయె."

"మరి పాళ్లు ఎట్లా పంచేవాళ్లు?"

"పాలిరాయి ఉండాది. వంకకు అడ్డంగా పరిచిన బండ, ఆరు గాట్లు, గాటుకొగ కాలవ. ఈడనే యాడనో సుద్ద కింద పూడిపాయ."

ఇంకేం కావాలి! ఆఫీసరు వైపు తిరిగాను. "ఆ బండ షెడ్లు రాకముందుది కదా, లేపి చూద్దాం. దాని కిందా సుద్దే ఉంటే మీ మాటే రాయండి." అతను సరేనన్నాడు.

దానియేలు గడ్డపార, ఖాజా పార పట్టుకుని వంకలోకి దిగారు. మోకాలిలోతు తవ్వినా తెల్లపిండే. రెండో చోటా అంతే. "పొయ్యేటప్పుడు లేటయితే తిట్టొద్దు మేడం," అని ఖాజా నన్ను ఉడికించాడు. ఆఫీసరు ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. మూడో చోట గడ్డపార ఠంగుమంది. చేతులతో పిండి తోడేస్తే ఒక గాటు, దాని పక్కన ఇంకొకటి. నేనూ దిగాను, ముగ్గురం కలిసి బండ అంచు లేపాం. కింద నల్లటి ఒండ్రు, చుక్క సుద్ద లేదు.

ఆఫీసరు బూట్లు విప్పి తనే దిగాడు. ఆ మట్టి పిడికిట్లో పిసికి చూసి, "షెడ్లు దాటి పైకి వెళ్దాం పదండి," అన్నాడు. షెడ్లకు ఎగువన అడుగున గులకరాళ్లు కనబడేంత తేటనీళ్లు. తిరిగి కిందికి వస్తే షెడ్ల వెనక కంపల్లో లావుపాటి పైపు, దాంట్లోంచి తెల్లగా కక్కుతున్న పిండినీళ్లు. అతను ఫోటోలు తీస్తుంటే నేను బడిపిల్లలా ఈల వేశాను. సిగ్గేమీ పడలేదు.

పైపు మూయించారు. పిండి తేరుకునే తొట్లు కట్టించి, వంకలోని సుద్ద షెడ్లవాళ్లతోనే తీయించారు. వానలయ్యాక మళ్లీ వెళ్లాను. ఆరు గాట్లలోంచీ నీళ్లు పారుతున్నాయి, దానియేలు చేలో వేరుశనగ మొలిచింది. చేను అమ్మే మాట ఇప్పుడు ఎవరూ ఎత్తరు. ఒక్క గుడి ఎగిరిపోతే ఊరి గొంతే నొక్కేయొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒకటే సలహా: బోర్డు మీద పేరు చదివి ఊరుకోకండి, ఊరివాళ్ల నోట పలికించుకుని, ఎందుకొచ్చిందో అడగండి. బోర్డు సరిచేసేటప్పుడు గుడి తన చేత్తోనే పెడతానని దానియేలు పట్టుబట్టాడట. ఎర్రరంగుతో, అక్షరం కంటే పెద్దగా పెట్టాడు. నేను దాన్ని చూసి నవ్వుతుంటే ఇంట్లోంచి ఒక గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు.

"తాగమ్మా. ఇవి మాత్రం తాగే పాలే."