కొబ్బరాకుల కింద దారి

మా ఊరి సచివాలయంలో పొద్దున్నే ఎవరైనా పగలబడి నవ్వుతున్నారంటే అది మా గ్రామ సర్వేయరు కృపారాణే. ఆమె ముందు ఏదో ఒక మ్యాపు పరిచి ఉన్నట్టే. నేను పక్క టేబుల్ దగ్గర పింఛన్ల పని చూస్తాను, పేరు సాయిదుర్గ. మ్యాపులంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. పదో తరగతి పరీక్షలో గోదావరిని తీసుకెళ్లి అరేబియా సముద్రంలో కలిపినదాన్ని. అలాంటి నన్ను కూడా మ్యాపుల పిచ్చిలోకి లాగింది ఈ పిల్ల.

కృపారాణిది పిఠాపురం వైపు. తండ్రి బాప్టిస్టు చర్చి పాస్టరు. ఆయనకు తరచూ ఊళ్లు మారాల్సి వచ్చేది. కొత్త ఊళ్లో దిగగానే తల్లి బెంగపెట్టుకుని గడప దాటేది కాదట. అప్పుడీమె వీధులన్నీ తిరిగొచ్చి, చర్చి ఎక్కడ, పాలకేంద్రం ఎక్కడ, కరిచే కుక్కలున్న ఇల్లు ఏది అన్నీ ఒక కాగితం మీద గీసి తల్లి చేతిలో పెట్టేదట. మర్నాడు ఆవిడ సంచి పట్టుకుని బజారుకి బయలుదేరేదట. పాలిటెక్నిక్‌లో చేరినా, ఈ ఉద్యోగంలో చేరినా, ఆ పిచ్చి వదల్లేదు.

ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేస్తుంది. బళ్లో పిల్లలు చూసే అట్లాసుకి రాష్ట్రాలు, రాజధానులు కావాలి, మన ఊరు దాని కంటికి ఆనదు. గోడకి వేలాడే ఇంకో పటం కొండలకి ఒక రంగు, నీళ్లకి ఒక రంగు వేసి ఊరుకుంటుంది. రెవెన్యూ వాళ్ల పటానికి గట్లు, హద్దులు, వాటి కొలతలు ఉంటే చాలు. ఆశా కార్యకర్త గీసుకున్న పటంలో పొలాలే ఉండవు, బాలింతలున్న ఇళ్లుంటాయి. వినడానికి నాకే సరదా పుట్టింది, ఏం చెప్పమంటారు.

ఆ సరదాకి పరీక్ష పాపాయమ్మ రూపంలో వచ్చింది. కొబ్బరితోట వెనకాల నాలుగిళ్లున్న చిన్న పేట ఆమెది. భర్త ఐజాక్‌కి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఆటోలో రాజమండ్రి తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. నాలుగడుగులు నడిస్తే ఆయాసపడే మనిషి, ఆటో వాకిట్లోకి రావాల్సిందే. వచ్చే దారేమో తోట మధ్యలోంచి. ఆ తోటని ఈమధ్యే మండపేట నుంచి అప్పాజీ గారు కొన్నారు. కంచె వేయడానికి సిమెంటు స్తంభాలు తెచ్చి దారిలోనే దింపారు, అప్పట్నుంచీ ఆటో రోడ్డు మీదే ఆగిపోతోంది.

కృపారాణి పాత పటాలన్నీ తీసింది. ఏ పటంలోనూ ఆ దారి లేదు. ఎవరో ఎప్పుడో నోటిమాటగా వదిలిన బండిదారి అది. ఫోన్ మ్యాపులో చూస్తే నీలం గీత రోడ్డు దగ్గరే ఆగిపోయింది. రీసర్వే కోసం పైనుంచి డ్రోన్ తీసిన ఫొటోలోనూ తోటంతా పచ్చటి ఆకులే. శాటిలైట్ పరికరం పట్టుకుని తోటలో తిరిగితే, ఆకుల కింద దానికి సిగ్నల్ అందలేదు. అప్పాజీ గారు చెడ్డమనిషేం కాదు. మ్యాపులో ఉంటే వదులుతాను, లేకపోతే నా తోట నాది అని అందరి ముందూ అన్నారు. కనబడని దారిని గీయలేమని డ్రోన్ వాళ్లూ చెప్పేశారు. స్పష్టంగా లేని చోట్లను మాత్రం గురువారం మళ్లీ తీస్తారట.

నాకు మండిపోయింది. ఉన్న దారి లేదని చెప్పే ఈ మ్యాపులెందుకు, తగలెయ్యమన్నాను.

"అలా అనకండి అక్కా, ప్రతి మ్యాపూ ఒక ప్రశ్నకే జవాబు చెప్తుంది. పైనుంచి ఏముందని అడిగాం, ఆకులున్నాయని చెప్పింది. దాని తప్పేంటి? కింద ఉన్నదాన్ని పైకి తెద్దాం" అంది కృపారాణి. అంటుంటే కళ్లు మెరిసిపోతున్నాయి.

గురువారమే తోటలో కొబ్బరికాయల దింపు. ఈమె తిన్నగా అప్పాజీ గారి దగ్గరికెళ్లి, చెట్లెక్కేవాళ్ల చేత దారికి రెండువైపులా ఉన్న చెట్ల తలమీది మొవ్వుల్లో ఎర్రగుడ్డలు కట్టించుకుంటానని అడిగింది. ఆయన నవ్వి, మీ ముచ్చట ఎందుకు కాదనాలి, కట్టుకోండి అన్నారు. చర్చిలో క్రిస్మస్‌కి దాచిన ఎర్రగుడ్డ తెచ్చారు, చాల్లేదు. నా ఎర్రచీర చింపేదాకా ఊరుకోలేదు ఈ పిల్ల. పెళ్లినాటి చీర అని అబద్ధం చెప్పినా వినలేదు.

దింపు తీసే చిట్టియ్యకి ఒక్కటే షరతు పెట్టింది. వాలిపోయిన చెట్టు వద్దు, నిటారుగా ఉన్నదే కావాలి, లేకపోతే మొవ్వు పక్కకి జరిగి మ్యాపులో దారి తోట పక్క కాలవలోకి దిగిపోతుంది. చిట్టియ్య బృందం చకచకా ఎక్కేస్తుంటే పేటలో ఆడవాళ్లంతా మెడలు వెనక్కి వాల్చి చూశాం. గుడ్డ కట్టిన ప్రతి చెట్టుకీ కేకలే. నా గొంతే అందరికంటే పెద్దదని తర్వాత చెప్పారు.

డ్రోన్ గుయ్యిమంటూ లేచి తోట మీద ఒక చుట్టు తిరిగింది. కింద టాబ్లెట్ చుట్టూ తోసుకున్నాం. పచ్చదనం మధ్యలో మొదట ఒక ఎర్రచుక్క, ఆ పక్కన ఇంకోటి, తర్వాత రోడ్డు నుంచి పేట దాకా రెండు వరసలు, తిన్నగా. మా చీరముక్కలు ఆకాశం నుంచి కనబడుతున్నాయి. కృపారాణి మాత్రం అరవలేదు. స్క్రీన్ మీద వేళ్లు పెట్టి, తోటలో మిగతా వరసల మధ్య ఎడం కొలిచింది. తర్వాత ఎర్రచుక్కల మధ్య ఎడం కొలిచింది. ఇది బాగా ఎక్కువ, బండి పట్టేంత ఎక్కువ. మళ్లీ కొలిచి అప్పాజీ గారికి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"చెట్లు నాటినోడే దారి వదిలి నాటాడండి. మూయడానికి నేనెవర్ని?" అన్నారు.

డ్రోన్ వాళ్లు అక్కడికక్కడే దారిని గుర్తించారు. అప్పాజీ గారు సంతకం పెట్టారు. కొత్త మ్యాపు వచ్చిన రోజు దాన్ని సచివాలయం గోడకి అంటించాం. పాపాయమ్మ వచ్చింది. చదువు రాదు, తనిల్లు చూపించమంది. కృపారాణి ఆమె వేలు పట్టుకుని ఇంటి మీద పెట్టింది. పాపాయమ్మ ఆ వేలిని మెల్లగా గీత వెంట నడిపించుకుంటూ రోడ్డు దాకా తెచ్చింది. ఇందులో ఆటో పడుతుందా అమ్మా అని అడిగింది. పడుతుందండి అంది కృపారాణి. నేను అటు తిరిగి ఫైళ్లు సర్దాను.

పాపాయమ్మ గోడ దగ్గర నుంచి కదలకుండానే ఆటో సురేష్‌బాబుకి ఫోన్ చేసింది.

"రేపు రోడ్డు మీద ఆగక్కర్లేదు బాబూ, తిన్నగా వాకిట్లోకి వచ్చేయ్. మేం మ్యాపులో ఉన్నాం."