సున్నం గీసిన సాయంత్రం

మా కాలేజీ బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఒక ఆచారం ఉండేది. ఆటకు అందరికంటే ఆఖరున వచ్చినవాళ్లే కోర్టు గీతల మీద సున్నప్పొడి పోయాలి. ఆడిన మూడేళ్లలో నేను ఒక్కరోజూ ఆఖరున రాలేదు. మిగతావాళ్లు తెల్లబడ్డ చేతులను నా చొక్కాకు తుడిచి నవ్వేవాళ్లు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ, ఆ సున్నం డబ్బా నా చేతికి ఎప్పుడొస్తుందా అని ఉండేది.

సోమాజిగూడలో ఉద్యోగంలో చేరాక కూడా సాయంత్రాలు పంజాగుట్టలోని మా కాలేజీ మైదానానికే వెళ్లి స్కోరు రాసేవాణ్ణి. రిటైరయ్యాకా మానలేదు. ఇంటికి రాగానే డైరీలో మొదట ఆఖరున వచ్చి సున్నం ఎవరు గీశారో, తరువాత స్కోరు, ఆ తరువాత వాన సంగతి రాసుకునేవాణ్ణి.

మొన్న ఆషాఢంలో, బల్కంపేట వైపు నుంచి బోనాల డప్పులు వినిపిస్తుండగా, ఇప్పటి జట్టు కెప్టెన్ అమీర్‌పేటలోని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు పిల్ల.

"తాతా, ఖర్చు తగ్గించాలని మన టీం తీసేస్తుండ్రంట. కోర్టు జాగల పార్కింగంట. నీ డైరీలు జర తీయ్, ప్రిన్సిపాల్ సార్‌కు చూపిద్దాం. ఎన్నేండ్ల సంది ఆడుతున్నమో తెలుస్తది."

గెలిచిన రోజుల దగ్గర కాగితపు ముక్కలు పెట్టి, సంచినిండా డైరీలు తీసుకెళ్లాం. ప్రిన్సిపాల్ మర్యాదస్తుడు, కోస్తా మనిషి. టీ తెప్పించి, నేను గుర్తు పెట్టని పేజీలే తిరగేశాడు.

"ఏంటండీ, రోజూ ఒకరు ఆఖరున వచ్చారని రాశారు? ఇన్నేళ్లుగా ఆలస్యమేనా? దీన్ని నేను పైవాళ్లకు ఎలా చూపించనండీ?"

ఆచారం గురించి చెప్పబోయాను. పిల్లే అందుకుంది.

"సార్, పది మంది వస్తే ఒకరు ఆఖరుకే వస్తరు గదా! ఆటకు ముందొచ్చినా సుత ఆఖరోళ్లే."

"నాకు అర్థమైందమ్మా. కానీ సంతకాలు అయిపోయాయి. దసరా సెలవుల దాకా ఆడుకోండి."

బయటికొచ్చాక సంచి తనే మోసింది.

"గంత పక్కాగ ఎవలు రాయమన్నరు తాతా నిన్ను? నాలుగు అబద్ధాలు రాయకపోతివి!"

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

సెలవులకు ముందటి సాయంత్రం అలవాటు కొద్దీ తొందరగానే బయలుదేరాను. గేటు ఎదుట చాయ్ హోటల్లో ఆగాను. ఒక చాయ్ తాగి, ఇంకోటి చెప్పాను. పైన మెట్రో పోతోంది. కెప్టెన్‌తో సహా పిల్లలంతా లోపలికి వెళ్లేదాకా లెక్కపెట్టి, అప్పుడు లేచాను.

ఆ పిల్ల గడియారం చూసి, నన్ను చూసి, సున్నం డబ్బా చేతిలో పెట్టింది.

"ఆఖరుకు దొరికినవ్ తాతా!"

వంగి గీయడం మొదలుపెట్టాను. నడుము సహకరించలేదు. వెనక గీత పూర్తయ్యేసరికి చేతులు మణికట్టు దాకా తెల్లబడ్డాయి. తుడవడానికి పక్కన ఎవరి చొక్కా ఉందా అని తలెత్తి చూశాను.

"గీత వంకర పోయింది తాతా."

"చెరిపి గీయనా?"

"వద్దు, ఉండనీ. గట్లనే ఆడుతం."