పడవలో ఎవరెక్కడ కూర్చోవాలి

1987 ఫిబ్రవరిలో నేను జిల్లా కార్యాలయంలో ప్రోటోకాల్ సెక్షన్ డిప్యూటీ తహసీల్దారుగా పనిచేస్తున్నాను. జిల్లాకు వచ్చే పెద్దలకు ఎవరు ఎదురెళ్ళాలి, ఏ కారులో ఎవరు ఎక్కాలి, వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నది తేల్చడం ఆ సెక్షన్ పని. ఈ పనికి నన్ను ఎంచుకోవడంలో మా డి.ఆర్.ఓ. గారికి, అంటే జిల్లా రెవెన్యూ అధికారికి, ఒక తర్కం ఉంది. మాది అద్దంకి వైపు ఒక చిన్న జమీ. ఎస్టేట్లు రద్దయ్యేనాటికి నాకు ఆరేళ్ళు. మా తాతగారి ఎస్టేటు కాగితాలు నేను పనిచేసే ఆఫీసు రికార్డు గదిలోనే మూడో బీరువాలో ఉండేవి. "మర్యాదలు మీకు పుట్టుకతోనే వచ్చాయి కదండీ దొరవారూ, మేం నేర్చుకోవాలి" అనేవారు డి.ఆర్.ఓ. గారు. ఆయన నన్ను మీరు అనేది ఈ ఒక్క మాటలోనే. మిగతా రోజంతా "ఏమయ్యా" అనేవారు.

ఆ నెలలో ఒక విదేశీ బృందం వచ్చింది. పత్తి, మిరప పంటల మీద పరిశోధన చేసే నలుగురు. గుంటూరులో మిర్చి యార్డు చూసి, మా జిల్లాలో కల్లాల్లో ఆరబోసిన కాయలూ పొదిలి వైపు మెట్ట చేలూ చూసి వెళ్ళాలి. వారి వెంట రాజధాని నుంచి ఒక స్పెషల్ ఆఫీసరు గారు. ఆదివారం నాడు బృందానికి సముద్రతీరంలో 'వాటర్ స్పోర్ట్స్', తేలికపాటి మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేయవలసిందని పై నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది.

మా తీరం వాడరేవు. అక్కడ ఆదివారాలు చీరాల నుంచి జనం వచ్చి కాళ్ళు తడుపుకుని, వేరుశనక్కాయలు తిని వెళ్ళేవారు. మత్స్యకారులు వలలు బాగుచేసుకునేవారు, చేపలు ఎండబెట్టుకునేవారు. ఇందులో క్రీడ ఏదో నాకు తెలియదు. అయినా ఫైలు తెరవాలి కాబట్టి 'జలక్రీడలు - ఏర్పాట్లు' అని అట్ట మీద రాయించాను. మా సెక్షన్ సీనియర్ అసిస్టెంటు సుబ్బారావు ఆ అట్ట చూసి, "చీరలు దాచడానికి చెట్టు కూడా చూడమంటారా సార్?" అన్నాడు. సెక్షనంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ఏడాది మండల రెవెన్యూ అధికారుల పదోన్నతికి తయారవుతున్న జాబితాలో, ప్యానెల్ అంటారు దాన్ని, నా పేరు ఉంది. పదకొండేళ్ళు ఎదురుచూసిన జాబితా. ఏ చిన్న మచ్చ ఉన్నా పేరు పక్కకు పోతుంది.

నేను వెళ్ళి తీరం చూసి వచ్చాను. సబ్సిడీ పథకం కింద ఇచ్చిన ఇంజను పడవ ఒకటి ఉంది. దాని సరంగు పోలయ్య. పడవ నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. యాభై దాటిన మనిషి. అలలు విరిగే చోటు దాటించి, అవతల నీరు నెమ్మదిగా ఉండే చోట పడవ ఆపుతానన్నాడు. ఈత వచ్చినవాళ్ళు దిగి ఈదుకోవచ్చు. గాలి నింపిన లారీ ట్యూబులు తాడుకు కట్టి పడవ వెనక లాగితే వాటి మీద కూర్చుని తిరగొచ్చు. జలక్రీడలు అంతవరకూ కుదిరాయి. ట్యూబులు లారీ షెడ్డులో అడిగి తెచ్చుకున్నాం. పడవలో మనిషికొక పేము కుర్చీ వేసి తాళ్ళతో కట్టాలని డి.ఆర్.ఓ. గారి సూచన. అది విని పోలయ్య తల గోక్కుని, "కుర్చీలు ముందు సముద్రంలోకి పోతాయండి, ఆనక వాటిమీద కూర్చున్నోళ్ళు పోతారు" అన్నాడు. కుర్చీలు మానేసి పడవకు అడ్డంగా మూడు బల్లలు వేయించాను, వరసకు ఇద్దరు చొప్పున.

ఇక నా అసలు పని మొదలైంది. ప్రోటోకాల్ సెక్షన్‌లో ప్రతి పర్యటనకూ నిమిషాలవారీ కార్యక్రమం తయారుచేస్తాం. ఎన్ని గంటలకు బయలుదేరాలి, ఎవరు స్వాగతం చెప్పాలి, ఎవరెక్కడ కూర్చోవాలి, అన్నీ అందులో ఉంటాయి. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీసి, కలెక్టరు గారి సంతకం అయ్యాక అది ఆజ్ఞతో సమానం. సంతకం చేసినవారికంటే కిందివారు అందులో అక్షరం మార్చడానికి లేదు. పడవలో ఆరుగురికి నేను హోదా ప్రకారం వరస వేశాను. బృంద నాయకురాలికీ స్పెషల్ ఆఫీసరు గారికీ ముందు బల్ల. పరిశోధకులు ఇద్దరికి మధ్య బల్ల. మూడో పరిశోధకుడికీ నాకూ వెనక బల్ల. ఊరేగింపులో గానీ సభలో గానీ పెద్దలు ముందుంటారు. పడవ వేరుగా ఎందుకుంటుందన్న అనుమానం నాకు రాలేదు. పోలయ్యతో అన్నీ మాట్లాడాను, ఈ సంగతి ఒక్కటి తప్ప. అది అతన్ని అడగవలసిన విషయంగా తోచలేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అందరూ వాడరేవు చేరారు. నాయకురాలు అరవై దాటిన సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. స్పెషల్ ఆఫీసరు గారు భారీ విగ్రహం. ఇసుకలో నడిచి పడవ దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. నేను కాగితం చూసి ఒక్కొక్కరినీ ఎక్కించబోయాను. పోలయ్య పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన్ని ముందు బల్ల మీద పెట్టొద్దండి బాబుగారూ. లావాటోళ్ళు వెనక్కి, తేలికోళ్ళు ముందుకి. ముక్కు మీద అంత బరువుంటే పడవ తల లేవదు. కెరటం లోపలికొచ్చిద్ది" అన్నాడు.

స్పెషల్ ఆఫీసరు గారు తన జేబులోంచి కార్యక్రమం కాగితం తీశారు. నేను స్టెన్సిల్ కోయించిన కాగితమే. "ముందు వరస అని ఇందులో స్పష్టంగా ఉంది. కలెక్టరు సంతకం ఉంది. ఇది మార్చడానికి మీకు అధికారం ఉందా?" అని అడిగారు. లేదని ఒప్పుకున్నాను. "మరి అతనికి ఉందా?" అన్నారు.

పోలయ్య నా వంకే చూస్తూ, "అయితే పడవ దించనండి" అన్నాడు.

కలెక్టరు గారిని అడుగుదామంటే ఫోను చీరాలలో ఉంది. వెళ్ళి వచ్చేలోగా గాలి పెరుగుతుందని పోలయ్య ముందే చెప్పాడు. పడవ దించకపోతే పర్యటన విఫలం, దానికి బాధ్యుణ్ణి నేను. కాగితం ప్రకారం దించితే ఆరుగురి ప్రాణాలు. ఇంకెవరైనా అయితే ఇక్కడ ఒక్క మాట అనేవారు: "అయ్యా, సరంగు చెప్పినచోట కూర్చోండి." ఆ మాట నా నోట రాలేదు. ఒక గెజిటెడ్ అధికారి ముందు మత్స్యకారుడి మాటను ఆజ్ఞగా వినిపించడం నేను పెరిగిన ఇంట్లోనూ లేదు, నేను చేరిన ఆఫీసులోనూ లేదు. నాకు కాగితం మీద ఆధారం కావాలి.

అది ఏడో అంశంలో దొరికింది. 'భద్రతకు అవసరమైన చర్యలు ప్రోటోకాల్ అధికారి తీసుకొనును' అని నేనే రాసుకున్నాను. బరువులు తూచడం భద్రతా చర్య అవుతుంది. తూచాక పడవలో సర్దడం ఆ చర్యకు కొనసాగింపు. ఒడ్డున చేపల షెడ్డులో గంపలు తూచే పెద్ద కాటా ఉంది, ఇనప బల్ల మీదికెక్కి నిలబడేది. దాన్ని కడిగించి, బృందం అందరినీ బరువు చూసుకోవలసిందిగా కోరాను.

నాయకురాలు చెప్పులు విడిచి నవ్వుతూ ముందు తనే ఎక్కింది. నలభై ఎనిమిది కిలోలు. నా వెంట వచ్చిన సుబ్బారావు రాసుకున్నాడు. మిగతా ముగ్గురూ ఒకరినొకరు వెక్కిరించుకుంటూ ఎక్కారు. తరువాత నేను ఎక్కాను. మా తాతగారు యాభయ్యో పుట్టినరోజున బెల్లంతో తులాభారం తూగారని, ఆ బెల్లం మూడు ఊళ్ళకు పంచారని ఇంట్లో చెప్పుకునేవారు. నేను చేపల కాటా మీద యాభై ఆరు కిలోలు తూగాను. ఎవరికీ ఏమీ పంచలేదు. చుట్టూ చేరిన ఆడవాళ్ళలో ఒకామె, "ఈయనకి కూడెట్టరంటే ఇంట్లో?" అని పక్కామెను అడగడం వినిపించింది.

స్పెషల్ ఆఫీసరు గారు ఎక్కలేదు. "నన్ను కాటా ఎక్కమంటావా? నేను మనిషినా, మిర్చి టిక్కీనా?" అన్నారు. యార్డులో మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. ఆయన మూడు రోజులుగా టిక్కీలే చూస్తున్నారు. షామియానా కింద కుర్చీలో కూర్చుని, మమ్మల్ని వెళ్ళి రమ్మన్నారు.

పోలయ్య మా ఐదుగురినీ నిమిషంలో సర్దాడు. కాటా అంకెలు అడగనైనా అడగలేదు. తేలికైనవాళ్ళు ముందు అన్నాడు గనుక నాయకురాలు, ఆమె పక్కన నేను. కార్యక్రమం ప్రకారం అందరికంటే చివర ఉండవలసినవాణ్ణి, ముందు బల్ల మీద కూర్చున్నాను. పదిమంది పడవను నీటిలోకి నెట్టారు. మొదటి అల పడవ తలను పైకెత్తింది, రెండోది నా గంజి చొక్కా మీద పడింది. నాయకురాలు కేరింతలు కొట్టింది. నేను వెన్ను వంచలేదు. అది మర్యాద కోసమని ఆమె అనుకుని ఉండాలి. భయంతో బిగుసుకుపోయాను. నాకు ఈత రాదు.

అవతల నీరు పోలయ్య చెప్పినట్టే ఉంది. నలుగురూ దిగి ఈదారు, ట్యూబుల మీద తిరిగారు. వాళ్ళలో లావుగా ఉన్న ఒకతను ట్యూబులోంచి బోల్తాపడి తేలితే మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. నేను పడవ అంచు మీదుగా రెండుసార్లు వాంతి చేసుకుని, కాగితంలో నిర్దేశించిన సమయానికి అందరినీ ఒడ్డుకు తెచ్చాను. వెళ్ళేముందు నాయకురాలు పోలయ్యకు, నాకు, తరువాత కాటాకు కూడా నమస్కారం పెట్టింది.

పోలయ్య నన్ను పక్కకు పిలిచాడు. "ఒకటి అడుగుతా, ఏమనుకోకండి బాబుగారూ. ఆ కాటా దేనికండీ? మనిషిని చూస్తే తెలవదా ఎవడు బరువో?"

గాలి పెరుగుతోందని, పడవ పైకి లాగమని చెప్పాను.

పది రోజులకు మెమో వచ్చింది. స్పెషల్ ఆఫీసరు గారు రాసిన ఫిర్యాదు దానికి జతచేసి ఉంది. అతిథులను సరుకులా తూచమని ఆదేశించింది ఎవరు? ఆమోదం పొందిన వరసను ఏ నిబంధన కింద మార్చారు? మూడోది నన్ను నొప్పించింది. పూర్వపు హోదా మరచిపోలేని ఈ ఉద్యోగి, తనకంటే పైవారి స్థానంలో తాను కూర్చోవడానికే ఈ తూకం నాటకం ఆడాడా? ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఒడ్డున కూర్చుని చూస్తే అలాగే కనిపించి ఉండాలి. ఆ ముందు బల్ల మీద కూర్చోబోతూ, చొక్కా సర్దుకుంటూ, నేను సంతోషించిన మాట కూడా నిజం. రెండో అల వచ్చేవరకు.

డి.ఆర్.ఓ. గారు నన్ను పిలిచి తలుపు వేయించారు. ఆయన చెడ్డవారు కారు, ప్యానెల్‌లో నా పేరు నిలబెట్టాలనే చూశారు. "ఇంత ఆలోచన దేనికయ్యా? తూచిందీ సర్దిందీ ఆ సరంగే అని రాయి. వద్దన్నా వినకుండా తన ఇష్టమొచ్చినట్టు చేశాడని రాయి. వాడికేమన్నా ప్రమోషన్ ఆగుతుందా?"

"పడవ ఆగుతుందండి" అన్నాను.

అది సబ్సిడీ పడవ. దాని సరంగు మీద జిల్లా కార్యాలయం నుంచి ఒక్క వాక్యం వెళ్ళినా విచారణ ముగిసేదాకా పడవను ఒడ్డున పెట్టమంటారు. అలాంటి విచారణలు ఏడాది దాటడం నేనే చూశాను, కొన్నింటిని నేనే సాగదీశాను. పోలయ్య ఇంట్లో వేరే సంపాదన లేదు.

"నీ పేరు పోతుంది" అన్నారాయన.

ఆరు రోజులు ఆలోచించాను. ఇది చదివేవారు దీన్ని మంచితనం అనుకోకూడదు. మా ఇంట్లో తప్పు జరిగితే నౌకరు మీదికి నెట్టడం కొత్త కాదు. పన్నులు కట్టని ఏడు మునసబు తప్పు, పంట పోయిన ఏడు పాలేరు తప్పు. అలా నెడుతూ నెడుతూనే నెట్టడానికి మనుషులు లేని స్థితికి వచ్చాం. నన్ను ఆపింది అది కూడా కాదు. డి.ఆర్.ఓ. గారు చెప్పినట్టు రాస్తే, ఆ సంజాయిషీ నిలవడానికి తప్పు తనదేనని పోలయ్య వాంగ్మూలం తీసుకుని అతని వేలిముద్ర వేయించాలి. చేపలు పట్టుకునేవాడి వేలిముద్ర నీడన నా పదోన్నతి నిలబడడం నేను భరించలేకపోయాను. గర్వమే ఆ పూట సరైన పని చేయించింది.

ఏడో రోజు మూడు ప్రశ్నలకూ మూడు వాక్యాలు రాశాను. తూచమన్నది నేను. వరస మార్చింది నేను, నేను వేసిన వరస పడవకు పనికిరానిది గనుక. ముందు బల్ల మీద కూర్చున్నది నా తూకాన్ని బట్టి. నాలుగో వాక్యం ఎవరూ అడగలేదు, అయినా చేర్చాను: సరంగు పోలయ్య పడవ దించడానికి నిరాకరించడం వల్ల ప్రమాదం తప్పినది.

ఆ ఏడాది ప్యానెల్‌లో నా పేరు లేదు. పై ఏడాదీ లేదు. మూడో ఏట వచ్చింది, పొదిలి వైపు పోస్టింగు ఇచ్చారు. పోలయ్యకు ఈ సంగతులేవీ తెలియవు. అతని పడవ ఒక్కరోజు కూడా ఆగలేదు.

నేను సెక్షన్ వదిలేలోగా వాడరేవుకు మరో చిన్న బృందం వచ్చింది. కార్యక్రమంలో పడవ అంశం కింద వరస వేయలేదు. 'కూర్చునే క్రమం సరంగు నిర్ణయించును' అని ఒకే వాక్యం రాశాను. డి.ఆర్.ఓ. గారు దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన 'సరంగు హోదా ఏమిటి?' అని రాసి ఫైలు వెనక్కి పంపారు.

నిబంధనల పుస్తకం తిరగేశాను. అందులో సరంగు లేడు. 'పడవ నీటిలో ఉన్నంతసేపు కలెక్టరు గారితో సహా అందరికంటే పై హోదా' అని రాసి, ఫైలు తిరిగి పంపాను. ఈ వాక్యం నాలుగు రోజులు పై అధికారుల బల్లల మీద తిరిగి, సంతకమై వచ్చింది. నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో కాగితం మీద హోదాలు వేల సంఖ్యలో రాశాను. పని తెలిసినవాణ్ణి అడిగి రాసినది ఇదొక్కటే. దీన్ని మార్చవలసిన అవసరం తరువాత ఎవరికీ రాలేదు.