అన్నీ నేను చూసుకుంటాను

ఆ రోజుల్లో మా కడప జిల్లాలో కొత్త మనిషి కనిపిస్తే ముందు "యా ఊరు?" అని అడిగేవాళ్లు, తర్వాత "ఎవరి మనిషివి?" అని. పేరు సంగతి ఆ రెండూ తేలాకే. నేనేమో బీకాం పాసై, ఎవరి మనిషినీ కాకుండా, జమ్మలమడుగు పక్కన మా ఊళ్లో ఖాళీగా ఉన్నాను. మా ఊరి పేరు అప్పుడప్పుడు పేపర్లో పడేది (మంచి పనికి కాదు, ఫ్యాక్షన్ గొడవలకు). మాకు గొర్రెల మంద తప్ప ఏ గొడవా లేదు. మా నాయన తేల్చి చెప్పేశాడు: "వచ్చే సోమారం లోపల ఉద్యోగమన్నా తెచ్చుకో, లేకుంటే గొర్రెలెంబడన్నా పో." గొర్రెల మీద నాకు కోపమేమీ లేదు గానీ, మూడేళ్లు చదివిన అకౌంటెన్సీ వాటికి చెప్పుకోవాలా అని నా ఏడుపు.

ప్రొద్దుటూరులో ఒక బట్టలంగడి బోర్డు మీద ఫోన్ నంబరు కింద ఈమెయిల్ కూడా రాయించి ఉండేది. అంత ముందుచూపున్న సావుకారు నాలాంటి చదువుకున్నవాణ్ణి వదులుకోడని, వెళ్లి నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. ఆయనకు ఇంగ్లీషు వస్తుందో రాదోనని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో, ఒంటివేలితో, మనసు పెట్టి కొట్టాను: "అయ్యా, మీ అంగడిని నెల రోజులుగా గమనిస్తున్నాను. మీరు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో నాకు బాగా తెలుసు. అంగట్లో మీరు ఒక్కరే ఉంటున్నారు. ఒక్క అవకాశం ఇవ్వండి. అంగడి సంగతి, మీ సంగతి అన్నీ నేను చూసుకుంటాను. వారంలోగా జవాబు రాకపోతే నేనే వస్తాను." ఉద్యోగం అనే మాట చివర్లో గౌరవంగా పెడదామనుకున్నాను. ఇంతలో నెట్ సెంటర్ ఆయన "గంటైపాయ, లెయ్యప్పా!" అని అరిచాడు. గబగబా ఇంటిపేరు, ఊరిపేరు కొట్టి పంపేశాను.

ఆ వారంలో ప్రొద్దుటూరులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. సావుకారు ఆ మెయిల్‌ను ప్రింటు తీయించుకుని చదివి, చెమటలు తుడుచుకుంటూ ఒక పార్టీ ఆఫీసుకు పోయాడట. "ఈ ఊరోడు మీవోడేనా?" అంటే "మావోడు కాదే" అన్నారు. రెండో పార్టీ ఆఫీసులోనూ అదే మాట. ఫలానావాళ్ల మనిషని తెలిస్తే పెద్దమనుషుల్ని పెట్టి మాట్లాడుకోవచ్చు. ఎవరికీ చెందనివాడితో ఎవరు మాట్లాడతారు? ఆ సాయంత్రమే ఆయన భార్యనూ ఇద్దరు పిల్లల్నీ పులివెందులకు, ఆమె పుట్టింటికి పంపించేశాడు.

ఇవేమీ తెలియని నేను, రాసిన మాట ప్రకారం ఎనిమిదో రోజు అంగట్లో దిగాను. మా మామను బతిమాలి తెచ్చుకున్న తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకున్నాను. (ఆ కాలంలో ఆ వేషం ఎవరు వేసేవాళ్లో నాకు తోచనేలేదు.) సర్టిఫికెట్లు నలగకూడదని గుండ్రంగా చుట్టి, తువ్వాల్లో పెట్టి చంకన పెట్టుకున్నాను. "సార్, మెయిల్ పంపింది నేనే" అని తువ్వాలు విప్పబోయాను. సావుకారు గల్లాపెట్టె వెనక్కి దిగిపోయాడు.

"విప్పొద్దప్పా, నీకు దండం పెడతా! ఏం గావల్లో నోటితో సెప్పు!"

"ఉద్యోగం గావల్ల సార్."

గల్లాపెట్టె మీదుగా రెండు కళ్లు పైకొచ్చాయి. "ఉద్యోగమా?"

"బీకాం సార్. ఫస్ట్ క్లాసు."

తువ్వాల్లోంచి నేను తీసిన సర్టిఫికెట్లు చూశాక ఆయనకు ధైర్యం వచ్చింది, దాని వెనకే కోపం. "యాడ సదివినావురా నువ్వు? ఉద్యోగం కోసరం రాసేటప్పుడు ఉద్యోగమని రాయల్లని సెప్పల్యా మీ కాలేజీలో?" అని మొదలుపెట్టి ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "తప్పైపాయ సార్. ఇది గూడా రాకుంటే రేపట్నుంచి గొర్రెలకాడికి పోవల్ల" అన్నాను. అది విని ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. వారం రోజుల భయమంతా పోయేదాకా నవ్వి, కళ్లు తుడుచుకుని అన్నాడు: "సరే, ఈపొద్దే చేరు. ఫోన్ చేసి సెప్తా గానీ, పులివెందులకు పోయి మా ఇంటోళ్లను పిల్చకరా. నీ వల్ల పోయినోళ్లను నువ్వే తేవల్ల."

తిరిగొచ్చే బస్సులో ముందు సీట్లో ఆమె, పిల్లలు. వెనక సీట్లో నేను. కొంత దూరం వచ్చాక ఆమె తల తిప్పి మెల్లగా అడిగింది. "మా ఆయన్ను బెదిరిచ్చినోడు దొరికినాడంట గదా. నువ్వు సూసినావాప్పా?"

"సూసినానక్కా."

"ఎట్లుండాడు?"

అప్పటిదాకా నాకు ఉద్యోగం దొరికిన సంతోషం తప్ప ఇంకేమీ లేదు. ఆమె నిద్రపోతున్న చిన్నవాడి వీపు మీద నుంచి చెయ్యి తీయకుండానే అడుగుతోంది. వారం రోజులుగా ఆ చెయ్యి అక్కడే ఉందనిపించి, సిగ్గుతో తలెత్తలేకపోయాను. "సన్నగా ఉండాడక్కా. మీకంటే వాడే శానా బయపన్యాడు" అన్నాను.

"పాపం, వానికీ అమ్మ ఉంటాది గదా" అని ఆమె ముందుకు తిరిగి కూర్చుంది.

ఆ అంగట్లో పదకొండేళ్లు పనిచేశాను. గల్లాపెట్టె వెనక దాక్కున్న సంగతి బయటపడుతుందని సావుకారు ఆ మనిషెవరో ఇంట్లో చెప్పలేదు. నేనే చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆమె మధ్యాహ్నం సావుకారుతో పాటు నాకూ క్యారియర్ పంపేది. తినేసి, రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి.